ఆరని ఎల్‌ఈడీ

పదకొండున్నర దాటింది. పిల్లలు పడుకున్నారు, ఈయనా పడుకున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు, ఒక్క ఎల్‌ఈడీ వల్ల.

బేసిస్ 3 అంటే, లోపలి సర్క్యూట్‌ని మనమే రాసుకోగల చిప్ ఉన్న బోర్డు. దాని మీద 16 స్విచ్‌లు, 16 ఎల్‌ఈడీలు ఉంటాయి. నేను వాడింది రెండు స్విచ్‌లు, ఒక ఎల్‌ఈడీ. మొదటి స్విచ్ పైకి ఉన్నంతసేపు రెండోది చెప్పినట్టు ఎల్‌ఈడీ వినాలి. మొదటిది దించితే ఆరిపోవాలి. ఆ సర్క్యూట్‌ని రాసే భాష వెరిలాగ్. అందులో నాలుగు లైన్ల పని. రెండూ పైకెత్తాను, వెలిగింది. మొదటిది దించాను, అలాగే వెలుగుతోంది. రెండోదీ దించాను. ఊహూ.

ఒక్క అక్షరం మార్చినా, రాసింది సర్క్యూట్‌గా మారి చిప్‌లోకి ఎక్కించే ఫైలు అయ్యేదాకా మళ్ళీ సింథసిస్, ఇంప్లిమెంటేషన్, బిట్‌స్ట్రీమ్. మా పాత ల్యాప్‌టాప్‌లో ప్రతిసారీ ఐదారు నిమిషాలు. అలా నాలుగుసార్లు. దానికైనా ఓర్చుకుంటాను కానీ ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే వార్నింగ్‌లు! అక్కర్లేనివన్నీ పేజీలకు పేజీలు పోసి, మధ్యలో ఎక్కడో ‘లాచ్ పెట్టాను’ అని ఒక్క లైను. ముందు చెప్పాల్సిన మాట అది కదా. ఇక ఈ వెరిలాగ్ ఒకటి, చూడ్డానికి సీ భాషలా ఉండి మోసం చేస్తుంది.

లాచ్ అంటే చివరి విలువను పట్టి ఉంచుకునే సర్క్యూట్. ఆ మాట చూడగానే నాన్న మోటారు స్టార్టరు గుర్తొచ్చింది. పచ్చ బటన్ నొక్కి వేలు తీసేసినా మోటారు ఆగదు. లోపల కాయిల్ టక్కున లాగి పట్టుకుంటుంది, ఎర్ర బటన్ నొక్కేదాకా వదలదు. కరెంటు పోతే మాత్రం వదిలేస్తుంది. మళ్ళీ కరెంటు వస్తే ఎవరో ఒకరు వెళ్ళి నొక్కాల్సిందే. మాకేమో చేలకు కరెంటు అర్ధరాత్రి ఇచ్చేవాళ్ళు. నాన్న బ్యాటరీ లైటు పట్టుకుని, పాములు తిరిగే గట్టు మీద నడిచి వెళ్ళేవారు. తిరిగొచ్చి ఇలా నడుం వాల్చేలోపు మళ్ళీ పోయేది. మోటారు చప్పుడు ఆగిపోగానే అమ్మ లేచి కూర్చునేది. ఆయన మారు మాట్లాడకుండా చెప్పులేసుకునేవారు.

ఇందాక వెరిలాగ్‌ని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మొదటి స్విచ్ పైకి ఉంటే ఏం చేయాలో రాశాను, కిందికి ఉంటే ఏం చేయాలో రాయలేదు. చెప్పకపోతే ఉన్నది ఉన్నట్టే పట్టుకోవాలి. సీలో వేరియబుల్ ఎలాగూ గుర్తుపెట్టుకుంటుంది, అందుకే నాకెప్పుడూ తట్టలేదు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాలంటే చిప్‌లో దానికంటూ ఒక లాచ్ ఉండాలి, అందుకే సాఫ్ట్‌వేర్ దాన్ని పెట్టింది. నేను రాసిన కోడ్ బ్లాక్ మొదట్లోనే ఎల్‌ఈడీకి 0 ఇచ్చాను. ఆరింది. హాయిగా అనిపించింది.

వార్నింగ్‌ల మీద కోపం మాత్రం పోలేదు.

యూఎస్‌బీ కేబుల్ పీకేశాను. దాంతో చిప్‌లోకి ఎక్కించిందంతా పోయినట్టే, పొద్దున మళ్ళీ ఎక్కించాలి. బోర్డు మీద కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీ ఉంది, అందులో రాసి పెడితే కరెంటు రాగానే చిప్ తనే ఎక్కించుకుంటుందట. రేపు అది నేర్చుకుంటాను. నాన్న కూడా చివరికి ఆటో స్టార్టరు పెట్టించారు. అప్పటికే ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి.