ఈటె పేరు పెట్టుకున్న మఠం

"సైనికులలో ఒకడు ఈటెతో ఆయన ప్రక్కను పొడిచెను, వెంటనే రక్తమును నీళ్లును కారెను." (యోహాను 19:34)

గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో ఈ వచనం వినపడదు. పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగం చెబుతారు. మొదటి మాట చెప్పేవారు అరగంట లాగేస్తారు, ఆఖరివారికి పది నిమిషాలు మిగులుతుంది. "నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను" అయ్యేసరికి ఎండ, ఉపవాసం, చంటిపిల్లల ఏడుపు. ఆశీర్వాదం ఇచ్చి పంపేస్తారు. ఈటె పోటు ఆ తర్వాత జరిగింది. అప్పటికి ఆయన ప్రాణం విడిచాడు, ఇక మాట్లాడలేదు. మాట లేదు కాబట్టి ప్రసంగమూ లేదు. నేనూ ఇన్నేళ్లూ ఆ వచనం మీద ఆగింది లేదు.

మా మేనకోడలు ఆర్మేనియాలో, యెరెవాన్‌లో మెడిసిన్ చదువుతోంది. చూడ్డానికి వెళితే "అత్తా, నీకు నచ్చే చోటుకి తీసుకెళ్తా" అని గెఘార్డ్ అనే మఠానికి తీసుకెళ్లింది. ఊరికి నలభై కిలోమీటర్ల లోపే. అజాత్ నది లోయ చివర రోడ్డు ఆగిపోయే చోట, నిలువు కొండలకు ఆనుకుని ఉంటుంది. దారి పక్కన ఆడవాళ్లు గాతా అనే పెద్ద గుండ్రటి తీపి రొట్టెలు అమ్ముతున్నారు. ముందు అది కొన్నాం, నిజం చెప్పాలి కదా.

గెఘార్డ్ అంటే ఈటె. యేసు ప్రక్కను పొడిచిన ఈటెను తద్దయి అపొస్తలుడు ఆర్మేనియాకు తెచ్చాడని, అది చాలాకాలం ఇక్కడే ఉందని వాళ్ల నమ్మకం. ఇప్పుడు అది ఆర్మేనియా చర్చికి ప్రధాన కేంద్రమైన ఎచ్‌మియాజిన్‌లో ఉంది, దాని కోసం 1687లో చేయించిన వెండి పెట్టెతో సహా. ఇదే ఆ ఈటె అని రోమ్‌లో ఒకటి, వియన్నాలో ఒకటి చూపిస్తారు. ఏది అసలుదో తేల్చే పని నాది కాదు. ఒక ఆయుధం పేరును ప్రార్థన చేసుకునే ఇంటికి పెట్టుకున్నారే, నా మనసు అక్కడ చిక్కుకుంది.

ఈటె పేరు రాకముందు దీన్ని ఐరీవాంక్ అనేవారు, అంటే గుహ మఠం. నాలుగో శతాబ్దంలో గ్రెగరీ, ఆర్మేనియాకు సువార్త వెలుగు తెచ్చినవాడని వాళ్లు పిలుచుకునే ఆయన, ఇక్కడి గుహలో ఊట దగ్గర మొదలుపెట్టాడని చెబుతారు. ఇప్పుడు కనబడే పెద్ద గుడి 1215 నాటిది. తర్వాత ప్రోష్ అనే రాజవంశీకుడు ఈ మఠాన్ని కొన్నాడు. వెనక కొండను తొలిచి గదులు చేయించింది ఆ కుటుంబమే. లోపల స్తంభాలు, కమానులు, గుమ్మటం ఉన్నాయి. ఒక రాయి తెచ్చి ఇంకో రాయి మీద పెట్టింది లేదు. ఉన్న రాయిలోంచి అక్కర్లేనిది తీసేశారు, అంతే.

వాటిలో మొదటి గదిని అవజాన్ అంటారు, తొట్టి అని అర్థం. ఆ ఊట దీని లోపలే ఉంది. గుమ్మటం మధ్య కంతలోంచి పడే వెలుగు తప్ప చీకటే. కాసేపటికి గోడలు, చెక్కడాలు తెలిసొచ్చాయి. వాటికంటే ముందు నీళ్ల చప్పుడు వినిపించింది. రాతి ప్రక్కలోంచి వచ్చి, నేలలో తొలిచిన కాలువ వెంట పోతున్నాయి. ఒక ముసలామె వంగి దోసిట్లో పట్టి మనవడి మొహం తుడిచింది. నాకప్పుడు ఈ వచనం గుర్తొచ్చింది. ఇనుము తగిలిన చోట నీళ్లు. నీళ్ల కోసం మోషే కొట్టిన బండ, "ఆ బండ క్రీస్తే" అన్న పౌలు మాట కూడా వెంటనే వచ్చాయి గానీ, వాటి దాకా పోలేదు. ఆ ప్రక్క దగ్గరే ఉండిపోయాను.

ఇంకో సంగతి. కతోలికులు, గ్రీకు ఆర్థడాక్స్ వాళ్లు ప్రభురాత్రి భోజనపు బల్ల మీది ద్రాక్షారసంలో కొన్ని నీళ్లు కలుపుతారు, ఈ వచనాన్నే చూపిస్తారు. ఆర్మేనియన్లు మాత్రం కలపరు. ఈటె పేరున మఠమే కట్టుకున్నవాళ్లకు గిన్నెలో నీళ్లు లేవు! ఆ ఈటెను వాళ్లు వాడేది వేరే చోట. మామూలుగా ఏడేళ్లకోసారి ఎచ్‌మియాజిన్‌లో మురోన్ అనే పరిశుద్ధ తైలం సిద్ధం చేసినప్పుడు దాన్ని ఈ ఈటెతో దీవిస్తారు. బాప్తిస్మమప్పుడు పసిపిల్లల నుదుటికి రాసేది ఆ తైలమే. పొడవడానికి చేసిన ఇనుము చివరికి పసిబిడ్డ నుదుటి దాకా వచ్చింది.

బయట గోడల మీద ఖచ్‌కార్లు, అంటే సిలువ రాళ్లు. చాలావాటిలో యేసు రూపం ఉండదు. సిలువ అడుగునుంచి ఆకులు మొలిచి రెండు పక్కలా పైకి లేస్తుంటాయి. మా మేనకోడలు ఫొటోలు తీస్తుంటే నేను వేలితో ఆ ఆకులు తడుముతూ నిలబడ్డాను.

ఈసారి గుడ్ ఫ్రైడేకి పాస్టరుగారిని అడగాలి. ఏడో మాట అయ్యాక, ఆశీర్వాదానికి ముందు ఈ వచనం నేను చదువుతానని. ప్రసంగం అక్కర్లేదు. టైమైపోయిందంటారేమో. ఒక్క వచనమేగా, అర నిమిషం కూడా పట్టదు.