"ఎంత పట్టించారు?"

కనుమ మధ్యాహ్నం నాటుకోడి కూర, గారెలు తిన్నాను. రాత్రి ఎనిమిదింటికి బొడ్డుకు పైన మొదలైన నొప్పి వీపులోకి దూసుకుపోయింది. గ్యాస్ అనుకుని సోడా తాగితే అదీ వాంతైపోయింది. వెల్లకిలా పడుకోలేను, మోకాళ్ల మీదికి వంగి కూర్చుంటే కాస్త నయం. అమలాపురంలో ఆసుపత్రికి చేరేసరికి పదకొండు.

డ్యూటీ డాక్టరు నా ముఖమైనా చూడకుండా, "పండగకి ఎంత పట్టించారు?" అన్నాడు. నేను తాగనన్నాను. "అందరూ అదే చెబుతారు" అని నవ్వాడు. కనుమకి మా కోనసీమలో కోడిపందాల బరుల పక్కన ఏం పారుతుందో నాకూ తెలుసు. నాకు వాచింది క్లోమం, అంటే జీర్ణరసాలు తయారుచేసే పాంక్రియాస్. అది ఉన్నట్టుండి వాయడానికి ఎక్కువగా కారణాలు రెండట: పిత్తాశయంలో రాళ్లు, మద్యం. కాబట్టి అడగడం తప్పనను. అడిగాక జవాబు వినాలి కదా! వినకుండానే కాగితం మీద "మద్యం" అని రాసేశాడు.

రక్తపరీక్షలో, 60 లోపు ఉండాల్సిన లైపేజ్ (క్లోమం తయారుచేసే జీర్ణరసాల్లో ఒకటి) 1,100 దాటింది. అంబులెన్సులో రాజమండ్రి తీసుకెళుతుంటే, జొన్నాడ వంతెన మీద అమ్మ నా చెవి దగ్గరికి వంగింది. "నిజం చెప్పరా, ఎవరికీ చెప్పను." నలభై ఆరేళ్లవాణ్ని, అప్పటిదాకా నొప్పికి మూలిగానే తప్ప ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను.

స్కానింగులో రాళ్లు బయటపడ్డాయి. ఒకటి జారి నాళానికి అడ్డుపడితే, పేగులోకి వెళ్లాక పనిచేయాల్సిన జీర్ణరసాలు క్లోమాన్నే అరిగించడం మొదలుపెట్టాయట. దీనికి విరుగుడు మందంటూ లేదు: సెలైను, నొప్పికి ఇంజెక్షన్లు, కనిపెట్టుకుని ఉండడం. ఆ కనిపెట్టుకుని ఉన్నది ఒక నర్సమ్మ. గంటకోసారి ఫోను వెలుతురులో మూత్రం సంచి మీది గీతలు చూసి రాసుకునేది. రెండో రాత్రి ఆ గీత కదలడం మానేసింది, నాకు ఆయాసం మొదలైంది. పరుగెత్తి పెద్ద డాక్టరును లేపింది ఆమే. సెలైను పెంచారు. తడి దూదితో నా పెదాలు అద్దుతూ, మూడున్నరకి, "వస్తోందండీ, చుక్కలు పడుతున్నాయి" అంది.

రాయి దానంతట అదే జారిపోయింది. మిగిలినవి ఉంటే మళ్లీ ఇదే బాధ రావచ్చని, ఇంటికి పంపకముందే పిత్తాశయం తీసేశారు. మా ఆవిడ అయినవిల్లి వినాయకుడికి మొక్కుకుంది, తీర్చుకున్నాం. పైపొట్ట నొప్పి వీపులోకి పాకితే, నాలాగా సోడా తాగి కూర్చోకండి.

తీసిన రాళ్లు చిన్న సీసాలో పోసి ఇచ్చారు. అమ్మ దాన్ని టీవీ పక్కన పెట్టింది. పరామర్శకి వచ్చి "ఇకనైనా మానేయవయ్యా" అనేవాళ్ల చేతిలో ముందు ఆ సీసా పెడుతుంది, తరువాతే కాఫీ.