బొబ్బర్లా తోటకూరా? వండాక తూకమేసి రాసుకుంటున్న లెక్కలు

పప్పుదినుసుల్లో ప్రొటీన్ 20 శాతం పైనే అని అందరం అంటుంటాం కానీ అది ఎండు గింజల లెక్క, మనం తినేది ఉడికించినవి కదా, అందుకే ఇప్పుడు ఏం వండినా ముందూ తర్వాతా తూకమేసి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. ఈ వారం బొబ్బర్లు, తోటకూర.

బొబ్బర్లు 100 గ్రాములు రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కుక్కర్‌లో మూడు విజిల్స్ పెడితే 240 గ్రాములయ్యాయి. గింజ విచ్చుకోకుండా వేలితో నొక్కితే మెత్తగా నలగాలి, అదీ నాకు నచ్చే పదును. తోటకూర కట్ట వేర్లతో 310 ఉంది, వేర్లూ ముదురు కాడలూ తీసేస్తే 205, నీళ్ళు పోయకుండా మూతపెట్టి మగ్గించాక 150. అంటే గింజలు నీళ్ళు తాగి బరువు పెరుగుతాయి, ఆకు నీళ్ళొదిలి తగ్గుతుంది, పచ్చి లెక్కలు పక్కపక్కన పెట్టి పోలిస్తే అర్థమే లేదు.

ఉడికిన 100 గ్రాములకి చూస్తే బొబ్బర్లలో ప్రొటీన్ దాదాపు 7.7 గ్రాములు, పీచు 6 పైన, 115 కేలరీలు. తోటకూరలో ప్రొటీన్ 2 గ్రాములు, 21 కేలరీలే. ఇక్కడే ఒక తిరకాసుంది, 100 కేలరీలకి లెక్కేస్తే తోటకూరకే 10 గ్రాముల ప్రొటీన్ వస్తుంది, బొబ్బర్లకి ఆరున్నర చిల్లర, "ఆకుకూరల్లోనే ప్రొటీన్ ఎక్కువ" అని పోస్టులు పెట్టేవాళ్ళు చూపించేది ఈ లెక్కే. కానీ 100 కేలరీల తోటకూర అంటే వండాక దాదాపు అర కిలో! పైన నా తూకం ప్రకారం మూడు కట్టలకి పైనే, ఒక పూట ఎవరు తింటారు చెప్పండి. అందుకే నేను కేలరీల లెక్క వదిలేసి కప్పు లెక్కే రాసుకుంటున్నా, కంచంలో పడేది కప్పే కాబట్టి.

ఐరన్ దగ్గర మాత్రం నేను ఆశ్చర్యపోయా, రెండూ దాదాపు సమానం, 2.3 - 2.5 మిల్లీగ్రాముల మధ్య. ఫోలేట్‌లో (బి విటమిన్లలో ఒకటి) బొబ్బర్లదే పైచేయి. విటమిన్ ఎ, కె మాత్రం ఆకులోనే, గింజల్లో లేనట్టే. కాల్షియం కూడా కాగితం మీద తోటకూరకి 200 మిల్లీగ్రాములు దాటుతుంది, బొబ్బర్లకి 24, కాకపోతే ఆకులో ఆక్సలేట్లు ఉంటాయి, అవి కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. పాలకూరలో అయితే మరీ, ఒంటికి పట్టేది 5 శాతం దగ్గరే. కాబట్టి పెరుగూ మజ్జిగా మానేసి ఆకుకూర తింటున్నాం కదా అనుకోవద్దు ప్లీజ్.

గింజల్లో ఫైటేట్లు ఐరన్‌ని అడ్డుకుంటాయి, నానబెడితే కొంత తగ్గుతాయి, మొలకలు కట్టిస్తే ఇంకా తగ్గుతాయి. విటమిన్ సి తోడైతే ఐరన్ బాగా పడుతుంది, అందుకే నిమ్మకాయ స్టవ్ కట్టేశాకే పిండుతున్నా, వేడికి సి పోతుంది కదా. భోజనం కాగానే టీ మానేశాం, గంటైనా ఆగుతున్నాం.

ఇవన్నీ చూశాక ఇప్పుడు రెండూ కలిపే వండుతున్నా: ఉడికిన బొబ్బర్లు ఒక కప్పు, సన్నగా తరిగిన తోటకూర ఒక కట్ట, ఉల్లిపాయ, ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు. నూనె రెండు చెంచాలు వెయ్యాల్సిందే, ఆకులో కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారేది) ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. అన్నంతో తింటే ఇంకో లాభం, ప్రొటీన్‌ని కట్టే అమైనో ఆమ్లాల్లో బియ్యంలో తక్కువుండే లైసిన్ గింజల్లో ఉంటుంది, గింజల్లో తక్కువుండే మెథియొనిన్ బియ్యంలో ఉంటుంది. బొబ్బర్లు ఉడికిన నీళ్ళు పారబొయ్యను, ఫోలేట్ కొంత అందులోకే దిగుతుంది, చింతపండు పులుసు పోసి చారు పెడుతున్నా, ఉలవచారు పెట్టినట్టే.

రాజ్మా వండేవాళ్ళకి ఒక్క మాట, నానబెట్టిన నీళ్ళు తప్పకుండా పారబోసి, గింజల్ని బాగా మరిగేలా ఉడికించండి, సగం ఉడికినవి తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి, సన్నటి వేడి మీద గంటలు గంటలు ఉంచే కుక్కర్లలో నేరుగా వెయ్యొద్దు.

వచ్చే వారం ఉలవలూ మునగాకూ తూకమేస్తా, మునగాకు రెమ్మల నుంచి దూశాక ఎంత మిగులుతుందో అది కూడా రాస్తా.