కన్నూర్‌లో తెయ్యం, ఆల్చిప్పలు, కల్లు తాగే దేవుడు

కేరళ అనగానే మనవాళ్లంతా మున్నార్, అలెప్పీ హౌస్‌బోట్ అంటారు. మేం మాత్రం ఈసారి ఉత్తరాన ఉన్న కన్నూర్‌కి పోయాం. వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పాలక్కాడ్‌లో దిగి ఇంకో బండి పట్టుకోవాలి, ప్రయాణం కొంచెం విసుగే. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర చూసుకుని బయల్దేరాం.

అసలు పోయింది తెయ్యం కోసం, అంటే దేవుడి వేషం కట్టి గుడి ముందు ఆడే ఆట. అక్టోబర్ చివర్లో మొదలై మే దాకా ఊరూరా, చెట్ల మధ్య ఉండే చిన్న గుళ్ల దగ్గర జరుగుతుంది, ఆ గుళ్లని అక్కడ 'కావు' అంటారు. వేషం కట్టేది వణ్ణాన్, మలయన్ లాంటి కులాలవాళ్లు, ఒకప్పుడు పెద్దింటి గడప తొక్కనివ్వనివాళ్లు. ముఖమంతా ఎర్ర రంగు, నడుముకి లేత కొబ్బరాకులు, చెండ అనే డోలు మోత పెరుగుతుంటే అద్దంలో తన ముఖం చూసుకుంటాడు, ఇక అప్పటినుంచి ఆయన దేవుడే, ఎంత పెద్దింటివాళ్లయినా చేతులు జోడించాల్సిందే. పొట్టన్ అనే తెయ్యం కథలో అయితే ఆ దేవుడు అందరి నెత్తురూ ఒకటే కదా అని శంకరాచార్యులనే నిలదీస్తాడు, ఆ వేషగాడు నిప్పుల కుప్ప మీదే పడుకుంటాడు. మన శివసత్తుల పూనకం చూసినవాళ్లకి ఇదేం కొత్త కాదు అనుకున్నా గానీ, ఆట అయ్యాక జనం ఒక్కొక్కరే పోయి కష్టం చెప్పుకుంటుంటే చూడాలి. నా ముందున్న పెద్దావిడ ఏం చెప్పిందో నాకు అర్థం కాలేదు, ఆయన మాత్రం చాలాసేపు ఆమె చెయ్యి వదల్లేదు.

వళపట్టణం నది ఒడ్డున పరశ్శినిక్కడవు ముత్తప్పన్ గుడి ఉంది. ఈ దేవుడికి నైవేద్యం చేపలు, కల్లు. కుక్కలు గుళ్లో దర్జాగా తిరుగుతుంటాయి, ఎవరూ అదిలించరు. వచ్చినవాళ్లకి గుడాలు, కొబ్బరి ముక్క, టీ ఇస్తారు. కల్లు తాగే దేవుడని చెప్పగానే మా అమ్మ "గట్లయితే మనోడే" అంది.

తిండి సంగతికొస్తే, తలశ్శేరి బిర్యానీలో బాస్మతి ఉండదు, పొట్టి గింజ కైమా బియ్యం, నెయ్యి వాసన బాగా తెలుస్తుంది, కారం మాత్రం మన నోటికి చాలదు. నాకు పిచ్చెక్కించింది ఆల్చిప్పలు. రాళ్లకి అంటుకుని ఉండేవాటిని నీళ్లలో మునిగి కోసుకొస్తారు. చిప్ప తెరిచి బియ్యం, కొబ్బరి ముద్ద కూరి ఆవిరి మీద ఉడికించి, చిప్ప తీసేసి కారం పట్టించి కొబ్బరి నూనెలో వేయిస్తారు. కొబ్బరి నూనె అంటే తలకే అనుకునే మా ఆవిడ కూడా రెండో ప్లేటు చెప్పింది.

ముళప్పిలంగాడ్ బీచ్‌లో ఇసుక మీదే దాదాపు నాలుగు కిలోమీటర్లు కారులో పోవచ్చు, సరదాగానే ఉంటుంది, అంతే. దానికంటే పళయంగాడి వైపు మడ అడవులు చూడండి. కల్లెన్ పొక్కుడన్ అనే ఆయన, 2015లో పోయారు, పెద్దగా చదువుకోకపోయినా అక్కడ ఏళ్ల తరబడి ఆ మొక్కలు నాటారు.

పోతే డిసెంబర్, ఫిబ్రవరి మధ్య పోండి. ఏ రాత్రి ఏ ఊళ్లో తెయ్యమో లాడ్జ్ వాళ్లనో ఆటో అన్ననో అడిగితే చెప్తారు. వేషం కడుతున్నప్పుడు మాత్రం అడక్కుండా ఫోటోలు తీయకండి.