చికెన్ సోబోరో డోన్: బెంగళూరు వంటింట్లో ఇప్పటిదాకా కుదిరినవి, ఇంకా కుదరాల్సినవి

సోయా సాస్, పంచదార, అల్లంతో పొడిపొడిగా ఉడికించిన ఖీమాను వేడన్నం మీద పరిచి, పక్కన గుడ్డు పొరటు, ఏదో ఒక పచ్చకూర పెట్టుకుంటే అదే సోబోరో డోన్. గోధుమరంగు, పసుపు, ఆకుపచ్చ మూడూ ఒకే గిన్నెలో ఉంటే సాన్‌షోకు డోన్ అంటారు. జపాన్‌లో ఇది ఇంటి వంట, పిల్లల లంచ్ డబ్బాల్లోకీ వెళ్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లోంచి ఎనిమిదిన్నరకు బయటపడినా తొమ్మిదింపావుకల్లా తినడానికి కూర్చోవచ్చు. ఉల్లిపాయ తరగక్కర్లేదు, మసాలా నూరక్కర్లేదు, తాలింపు అసలే లేదు. అందుకే ప్రతి అడుగూ కచ్చితంగా పడాలి, తప్పు జరిగితే కప్పిపుచ్చడానికి మసాలా ఉండదు.

ఇప్పటికి నిలబడిన కొలత

ముగ్గురికి సరిపోతుంది, లేదా ఇద్దరి రాత్రి భోజనం పోను మర్నాటికి ఒక డబ్బా మిగులుతుంది. చికెన్ ఖీమా 300 గ్రాములు, సోయా సాస్ 3 టేబుల్ స్పూన్లు, మిరిన్ (వంటకు వాడే తియ్యటి బియ్యపు మద్యం) 2, సాకే (జపాన్ బియ్యపు మద్యం) 2, పంచదార ఒకటిన్నర, రసంతో సహా అల్లం తురుము 2 టీస్పూన్లు. బియ్యం 300 గ్రాములు, అంటే సుమారు కప్పున్నర. గుడ్లు మూడు. టేబుల్ స్పూన్ అంటే 15 మి.లీ. కొలత చెంచానే. వంటింట్లో చేతికందిన గరిటెతో పోస్తే ఉప్పు గతి తప్పుతుంది. మంచి సోయా సాస్‌లో ఒక టేబుల్ స్పూన్‌కు దాదాపు రెండున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా ఉప్పు వేయకూడదు, అన్నంలో కూడా.

మిరిన్, సాకే దొరకకపోయినా, ఇంట్లో మద్యం వాడకపోయినా ఫరవాలేదు. ఆ నాలుగు టేబుల్ స్పూన్లకు బదులు నాలుగు టేబుల్ స్పూన్ల నీళ్లు పోసి, పంచదారను రెండున్నరకు, అల్లాన్ని ఒక టేబుల్ స్పూన్‌కు పెంచాలి. సాకే ముఖ్యంగా నీచు వాసనను తగ్గిస్తుంది. అది లేనప్పుడు ఆ పని అల్లం చేయాలి, మూత పెట్టకుండా ఉడికించాలి. బెల్లంతోనూ చేయొచ్చు గానీ బెల్లం వాసన సోయాను మింగేస్తుంది. ఇక్కడ తెల్ల పంచదారే మేలు.

సోయా సాస్ లేబుల్ మీద నీళ్లు, సోయాబీన్, గోధుమ, ఉప్పు తప్ప పెద్దగా ఏమీ ఉండకూడదు. కిక్కోమన్ లాంటిది సరిపోతుంది. ఫ్రైడ్ రైస్‌కు వాడే డార్క్ సోయాలో చాలావరకు రంగు కోసం కారమెల్ కలుపుతారు. ఈ వంటలో సాస్ మరిగి చిక్కబడుతుంది కాబట్టి ఆ రంగు నల్లబడి చివర్లో చేదు తేలుతుంది.

ఖీమా

ఈ గిన్నె బాగుందా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

సూపర్ మార్కెట్ ప్యాకెట్లలో దొరికే చికెన్ ఖీమా ఎక్కువగా బ్రెస్ట్‌తో చేసినది. కొవ్వు తక్కువ కాబట్టి ఐదు నిమిషాలు ఎక్కువైతే పిడచ కట్టుకుపోయి పంటికింద పిప్పిలా నలుగుతుంది. బోన్‌లెస్ లెగ్ కొనడం మేలు. శివాజీనగర్ రస్సెల్ మార్కెట్లో కొన్నా, వీధి చివర కోళ్ల షాపులో కొన్నా ఒకటే మాట చెప్పాలి: ముందు ముక్కలు కడిగి, నీళ్లు ఓడ్చి, ఆ తర్వాత మిషన్లో ఒకేసారి వేయమని. ఖీమా కొట్టాక కడిగితే అది స్పాంజిలా నీళ్లు పీల్చుకుంటుంది. పొయ్యి మీద ఆ నీళ్లన్నీ బయటికొచ్చి, అవి ఇగిరేలోపు మాంసం గట్టిపడిపోతుంది.

ఇంట్లో మిక్సీలో చేసుకోవాలంటే ముక్కలను అంగుళం సైజుకు కోసి ఇరవై నిమిషాలు ఫ్రీజర్లో పెట్టి, అంచులు బిగుసుకున్నాక పల్స్ బటన్‌తో ఐదారుసార్లు ఆగి ఆగి తిప్పాలి. ఆపకుండా తిప్పితే పేస్టవుతుంది, ఆ పేస్టు నుంచి కోఫ్తా వస్తుంది గానీ సోబోరో రాదు.

అసలు పద్ధతి ఇది. పాన్ చల్లగా ఉండగానే ఖీమా, సోయా, మిరిన్, సాకే, పంచదార, అల్లం అన్నీ అందులో వేయాలి. నూనె వద్దు. నాలుగు చాప్‌స్టిక్‌లు కట్టగా పట్టుకుని, పొయ్యి వెలిగించకముందే ఖీమా అంతా విడివిడిగా, జారుగా అయ్యేదాకా ఒక నిమిషం కలపాలి. తర్వాత మంట చిన్నదానికీ మధ్యస్తానికీ నడుమ పెట్టి, చేయి ఆపకుండా తిప్పుతూనే ఉండాలి. మొదటి మూడు నాలుగు నిమిషాలే కీలకం. మాంసంలోని ప్రొటీన్ యాభై డిగ్రీల దగ్గర నుంచి గడ్డకట్టడం మొదలవుతుంది. ఆ సమయానికి ఏ ఆకారంలో ఉంటే అలాగే నిలిచిపోతుంది. ద్రవంలో విడిగా తేలుతుంటే సన్నని రవ్వలా బిగుస్తుంది, ముద్దగా ఉంటే ముద్దగానే. మన ఖీమా వేపుడు అలవాటుతో కాగిన నూనెలో వేశామా, అడుగున ఉన్నది క్షణంలో అట్టు కడుతుంది. దాన్ని గరిటెతో ఎంత పొడిచినా గోళీకాయంత ఉండలే మిగులుతాయి, వాటి లోపలికి రుచి దిగదు.

కలిపాక వెంటనే పొయ్యి వెలిగించాలి. "నానితే రుచి పడుతుంది కదా" అని అరగంట ఫ్రిజ్‌లో పెడితే సోయాలోని ఉప్పు మాంసంలోని జిగురు ప్రొటీన్‌ను కరిగించి బయటికి లాగుతుంది, ఖీమా అంటుకుని సాగుతుంది. సాసేజ్‌కు కావాల్సిన గుణం అది, ఇక్కడ పనికిరాదు.

చాప్‌స్టిక్‌లు లేకపోతే గుడ్లు గిలక్కొట్టే విస్క్ బాగా పనిచేస్తుంది. పప్పుగుత్తి మాత్రం ఉండల్ని విడదీయడం బదులు అదిమి పాన్‌కు పులుముతుంది. పాన్ 24 నుంచి 26 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి, నాన్‌స్టిక్ గానీ అడుగు మందంగా ఉన్న స్టీలు గానీ. లోతైన మూకుడులో నీళ్లు ఇగరడానికి పావుగంట పడుతుంది, వెడల్పు పాన్‌లో ఎనిమిది పది నిమిషాలు చాలు. ఆ తేడా అంతా మాంసం మెత్తదనంలో కనిపిస్తుంది.

ఎప్పుడు దించాలి? గరిటెతో పాన్ మధ్యలో ఒక గీత గీస్తే అడుగు కనబడి, పక్కల నుంచి రసం మెల్లగా వచ్చి ఆ గీతను మూసేయాలి. అప్పుడు పాన్‌లో రెండు మూడు టేబుల్ స్పూన్ల రసం ఉన్నట్టు. చూడ్డానికి ఇంకా తడిగానే ఉంది కదా అనిపించినా అక్కడే దించేయాలి. మూడు నిమిషాల్లో ఖీమా కొంత పీల్చుకుంటుంది, మిగిలింది అన్నానికి. పూర్తిగా ఇగరబెడితే ఇసుకలా రాలుతుంది, పైగా చక్కెర అడుగంటి సోయా మాడు వాసన వేస్తుంది. ఎండిపోయినట్టుంటే మూడు టేబుల్ స్పూన్ల వేడినీళ్లు చిలకరించి మూతపెట్టి రెండు నిమిషాలు ఉంచితే కొంతవరకు తేరుకుంటుంది. మాడితే మాత్రం దారి లేదు.

అల్లం వెల్లుల్లి పేస్టు, గరం మసాలా చేతిలోకి వస్తాయి, ఆపుకోవాలి. వెల్లుల్లి పడితే ఇది మంచి ఖీమా కూరే, కానీ సోబోరో కాదు.

అన్నం

మామూలు భోజనానికి మనం పాత బియ్యం వెతుక్కుంటాం, మెతుకు మెతుకూ విడివిడిగా రావాలని. దీనికి కొత్త సోనా మసూరి కావాలి. కొత్త బియ్యం ముద్ద కడతాయని పక్కన పెట్టేసేవాళ్లకు ఇది చక్కని ఉపయోగం. రవ్వలాంటి ఖీమాను చెంచాలో నిలబెట్టాలంటే అన్నం కాస్త అంటుకోవాలి. బాస్మతిలో ఖీమా సందుల్లోంచి గిన్నె అడుక్కి జారిపోతుంది, చివరికి పైన వట్టి అన్నం, కింద వట్టి ఉప్పు.

కొత్త సోనా మసూరికి కప్పుకు ఒకటిముప్పావు కప్పు నీళ్లు, ఇరవై నిమిషాల నానబెట్టు, మధ్యస్తం మంట మీద రెండు విజిల్స్, ఆవిరి దానంతటదే దిగేదాకా ఆగడం. పాతవే ఉంటే రెండుంపావు కప్పులు. సుషీ రైస్ పేరుతో అమ్మే పొట్టి గింజ బియ్యం దొరికితే నీళ్లు తేటపడేదాకా కడిగి, అరగంట నానబెట్టి, కప్పుకు ఒకటింపావు కప్పు కంటే తక్కువే పోయాలి. మూతలేని గిన్నెలోనో, ఎలక్ట్రిక్ కుక్కర్లోనో వండితే ఊరి ఎత్తు లెక్కలోకి వస్తుంది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. స్విచ్ పడ్డాక పది నిమిషాలు అదనంగా మగ్గనిస్తే గింజ నడిమి పలుకు పోతుంది. ప్రెషర్ కుక్కర్‌కు ఈ తంటా లేదు.

గుడ్డు, పచ్చకూర

మూడు గుడ్లకు రెండు టీస్పూన్ల పంచదార, రెండు చిటికెల ఉప్పు, ఒక టీస్పూన్ నీళ్లు. తీపి గుడ్డు మన నాలుకకు కొత్త కాబట్టి ఒక టీస్పూన్‌తో మొదలుపెట్టొచ్చు, పూర్తిగా మానకూడదు. గుడ్డు తొందరపడి బిగుసుకోకుండా కాపాడేది ఆ పంచదారే. చిన్న మంట మీద అవే నాలుగు చాప్‌స్టిక్‌లతో తిప్పుతూ, అంచులు గడ్డకట్టడం మొదలవగానే పాన్‌ను పొయ్యి మీంచి ఎత్తి పక్కన పెట్టి తిప్పాలి, మళ్లీ పొయ్యి మీదికి. ఇలా రెండు మూడుసార్లు. పచ్చి ద్రవం పోయి ఇంకా తళతళలాడుతుండగా గిన్నెలోకి తీసేయాలి. మామూలు పొరటులా పెద్ద పలుకులు వస్తే మంట ఎక్కువైనట్టు. రంగు కోసం పసుపు వేయొద్దు, ఖీమా రుచితో పడదు. జపాన్‌లో కొందరు పైన పచ్చి సొన వేసుకుంటారు, ఇక్కడి అంగడి గుడ్లతో ఆ పని చేయకపోవడమే మంచిది.

పచ్చరంగుకు పాలకూర సులువు: మరిగే నీళ్లలో నలభై సెకన్లు, వెంటనే చల్లనీళ్లలోకి, గట్టిగా పిండి తరగడం. పిండకపోతే ఆ నీళ్లే అన్నాన్ని చప్పబరుస్తాయి. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరులో ఉండి పాలకూర వేసుకోవడం అన్యాయం. బళ్ల మీద అమ్మే పితికిన అవరే పప్పు, చిత్తూరు ఇళ్లలో పితికిపప్పు, ఉప్పునీళ్లలో ఏడెనిమిది నిమిషాలు బాగా ఉడికించి వార్చి వేస్తే సోబోరో పక్కన అంతకు మించిన జోడీ దొరకదు. వేలితో నొక్కితే చిదమాలి, పలుకు ఉండకూడదు. సీజన్ కానప్పుడు సన్నగా ఏటవాలుగా కోసిన బీన్స్.

నువ్వుల నూనె చుక్క వేద్దామనుకుంటే ఒక మాట. జపాన్ వాళ్లది వేయించిన నువ్వుల నుంచి తీసినది, గానుగ షాపుల్లో దొరికే మన నువ్వుల నూనె సాధారణంగా పచ్చి నువ్వులది, ఆ వాసన రాదు. ఒక టీస్పూన్ నువ్వులు దోరగా వేయించి నలిపి చల్లితే లోటు తీరుతుంది. జపాన్‌లో పైన వేసుకునే ఎర్ర అల్లం ఊరగాయకు బదులు లేత అల్లాన్ని అగ్గిపుల్లల్లా తరిగి ఉప్పు, నిమ్మరసంలో పావుగంట ఉంచితే చాలు. కారం కావాలంటే వేయించి చిదిమిన బ్యాడగి మిరప. గుంటూరు మిరప వేస్తే మిగతా రుచులేవీ మిగలవు.

పొయ్యి వరుస

బియ్యం నానబెట్టి అల్లం తురుముకోవాలి, కూర కడగాలి. కుక్కర్ ఎక్కించాక రెండో పొయ్యి మీద ముందు పచ్చకూర, తర్వాత గుడ్డు, ఆఖరున అదే పాన్ తుడిచి, చల్లారాక ఖీమా. ఖీమా ముందు చేస్తే పాన్‌కు పట్టిన సోయా జిగురు గుడ్డును మురికి రంగు చేస్తుంది. ఆవిరి దిగిన అన్నాన్ని గిన్నెకు 250 గ్రాముల చొప్పున పెట్టి, పాన్‌లోని రసం ఒక చెంచా ముందు అన్నం మీద పోసి, ఆ పైన మూడు రంగులూ పరవాలి.

మిగిలిన ఖీమా గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్లో నెల ఉంటుంది. పచ్చి ఖీమా మాత్రం కొన్న మర్నాటికి మించి ఫ్రిజ్‌లో ఉంచొద్దు. అన్నాన్ని బయట వదిలేయకుండా వెడల్పు పళ్లెంలో ఆర్చి గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. వేడి చేసేటప్పుడు ఒక చెంచా నీళ్లు చిలకరించాలి.

ఇంకా తేలనివి

మీల్ మేకర్ రవ్వతో శాకాహార రూపం దగ్గరికి వచ్చింది. 60 గ్రాముల రవ్వను వేడినీళ్లలో నానబెట్టి, రెండుసార్లు కడిగి గట్టిగా పిండాలి, లేకపోతే సోయాపిండి వాసన వదలదు. సోయా సాస్ రెండు టేబుల్ స్పూన్లకు తగ్గించి, కొవ్వు లేదు కాబట్టి రెండు టీస్పూన్ల నూనె కలపాలి. రుచి కుదిరింది, కానీ రసం మొత్తం తనే తాగేసి అన్నానికి ఏమీ మిగల్చడం లేదు. అర టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ కలిపిన నీళ్లు చివర్లో పోసి చూడాలి.

మటన్ ఖీమా ఈ పద్ధతిలో మెత్తబడదు, పది నిమిషాల్లో ఉడికే మాంసం కాదది. ముందు కొద్ది నీళ్లతో, అల్లంతో కుక్కర్లో మూడు విజిల్స్ రానిచ్చి, ఆ రసంలోనే సోయా, పంచదార వేసి ఇగరబెట్టడం ఇప్పటికి అనుకున్న దారి. అప్పటికే ఉండ కట్టి ఉంటుంది కాబట్టి కుక్కర్లో పెట్టేముందే చల్లని నీళ్లలో విడదీసి కలపాలి.