వానకాలం, సోల్డర్ పేస్ట్, మా బోర్డులు

వరంగల్ పక్కన ఒక చిన్న యూనిట్‌లో బోరు మోటార్ స్టార్టర్ల కంట్రోల్ బోర్డులు తయారు చేస్తాం. బోరులో నీళ్లు తగ్గినా, కరెంటులో ఒక ఫేజ్ పోయినా మోటార్‌ను ఆపాల్సింది ఈ బోర్డే. అది మొరాయిస్తే మోటార్ కాలుతుంది. పైపులు పైకి లాగే కూలీ, వైండింగ్ ఖర్చు రైతు నెత్తిన పడతాయి. అదీ నాట్ల సమయంలో!

సరిగ్గా ఆ సీజన్‌లోనే రిజెక్షన్లు పెరిగాయి. ఐసీ (చిప్) కాళ్ల మధ్య షార్టులు, రెసిస్టర్ల పక్కన చిన్న చిన్న సోల్డర్ (కాళ్లను బోర్డుకు అతికే లోహం) గుండ్లు. ఇలాంటివి చేత్తో సరిచేసే టచప్‌కు ఇంకో ఇద్దరిని పెడదామన్నారు మావాళ్లు. నేను ఒప్పుకోలేదు. టచప్‌తో ఈ బోర్డు పాసవుతుంది, రేపటి బోర్డులో మళ్లీ అదే తప్పు వస్తుంది. పైగా ప్యాడ్‌ను, అంటే కాలు అతికే రాగి చోటును, పదేపదే వేడి చేస్తే రాగి పొర లేచిపోతుంది.

బోర్డు డ్రాయింగ్‌ను పెద్దగా ప్రింట్ తీసి గోడకు అంటించాం. తప్పు దొరికిన చోటల్లా ఎర్ర చుక్క పెట్టమన్నాను. రెండు షిఫ్టులు గడిచేసరికి చుక్కలన్నీ సన్నకాళ్ల ఐసీ చుట్టూ చేరాయి. సోల్డర్ పేస్ట్ అంటే సోల్డర్ పొడి కలిసిన ముద్ద. దాన్ని ప్యాడ్ల మీద పూసి, పైన ఐసీలు పెట్టి, ఓవెన్‌లో కరిగిస్తాం. ముందు ఆ ఓవెన్‌ను అనుమానించాం. మేం వాడే సీసం లేని సోల్డర్ 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) అంటించి బోర్డును పంపితే పీక్ 245 వచ్చింది, వంక పెట్టడానికేం లేదు. అప్పుడు పేస్ట్ పూసే ప్రింటర్ దగ్గరికి వెళ్లి, అప్పుడే పేస్ట్ పడిన బోర్డును లెన్స్ కింద పెట్టాను. పేస్ట్ అంచులు నిటారుగా లేవు, పక్క ప్యాడ్ వైపు జారి ఉన్నాయి.

కారణం డబ్బా దగ్గర దొరికింది. మా పేస్ట్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంచుతాం. బయటికి తీశాక మూత తీయకుండా నాలుగు గంటలు ఆగాలి. చల్లటి డబ్బాను తేమగాలిలో తెరిస్తే లోపల చెమ్మ పడి పేస్ట్ జారుతుంది, ఓవెన్‌లో ఆ నీరు చిటపటలాడి సోల్డర్‌ను చిమ్ముతుంది. "అర్జెంటు ఆర్డరుంటే నాలుగు గంటలు ఎట్ల ఆగుతం సార్?" అన్నాడు ఆపరేటర్. న్యాయమైన మాటే. ఇప్పుడు వాచ్‌మన్ అన్న తెల్లవారుజామున ఐదింటికే డబ్బా తీసి, మూత మీద టైం రాస్తాడు. తొమ్మిదిలోపు ఎవరూ తెరవరు. పేస్ట్ దిగే రంధ్రాల రేకు, అదే స్టెన్సిల్, అడుగు తుడిచే పనికీ లెక్క పెట్టాం. షార్టులు బాగా తగ్గాయి.

నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం ఐసీలు పీల్చే తేమ. మా మైక్రోకంట్రోలర్ (బోర్డుకు మెదడు లాంటి ఐసీ) కవర్ చించాక, 30 డిగ్రీలు, 60 శాతం తేమ దాటని చోట 168 గంటల్లోపు వాడేయాలి. లేకుంటే లోపలి తేమ ఓవెన్‌లో ఆవిరై ప్యాకేజీని చీలుస్తుంది. ఆ చీలిక పైకి కనపడదు, టెస్టులోనూ ఒక్కోసారి పాసైపోతుంది, చేనులో ఫెయిలవుతుంది. అందుకే కవర్ తెరిచిన టైం రాయనిదే ఐసీ లైన్ మీదికి రాదు. గడువు దాటితే ట్రేలో ఉన్నవి 125 డిగ్రీల దగ్గర ఆరబెడతాం. రీల్‌కు చుట్టి వచ్చినవైతే, ఆ ప్లాస్టిక్ అంత వేడి తట్టుకోదు కాబట్టి తక్కువ వేడిలో రోజుల తరబడి ఉంచాలి.

టచప్ టేబుల్ నుంచి ఒక అక్కను ప్రింటర్ పక్కకు మార్చాం. ఆమె లెన్స్‌లో చూసి సరే అన్నాకే బోర్డు ముందుకు కదులుతుంది. పేస్ట్ తేడాగా పడితే అక్కడే కడిగి మళ్లీ ప్రింట్ చేస్తాం. స్టార్టర్ డబ్బాల్లో బల్లులు, చీమలు దూరుతున్నాయి కదా, యాసంగిలోపు బోర్డుల మీద కోటింగ్ పని మొదలుపెట్టాలి.