ముకల్లా తీరం నుంచి షిబాంకు

2010 తొలి నెలల్లో నేను యెమెన్‌లోని హద్రమౌత్‌కు వెళ్లడానికి కారణం హైదరాబాదే. నిజాం కొలువులో జమేదార్లుగా, అంటే సైనిక నాయకులుగా, ఎదిగిన అల్ ఖుఐతీ వంశం అక్కడ గడించిన సంపదతో ముకల్లా తీరంలో రాజ్యం నెలకొల్పింది. హైదరాబాద్‌లోని బార్కస్ ప్రాంతంలో ఈనాటికీ ఉన్న ఎన్నో కుటుంబాల మూలాలు హద్రమౌత్ లోయల్లోనే ఉన్నాయి.

ముకల్లా నుంచి తూర్పుగా షిహ్ర్ వైపు వెళితే దబ్బా చమురు రేవు వస్తుంది. మసీలా క్షేత్రాల ముడిచమురు గొట్టపుమార్గం గుండా వచ్చి ఇక్కడే ఓడలకెక్కుతుంది. అప్పట్లో యెమెన్ ఎగుమతుల్లో దాదాపు 90 శాతం, ప్రభుత్వ ఆదాయంలో సగానికి పైగా చమురుదే. అయితే 2001 ప్రాంతంలో రోజుకు 4 లక్షల బ్యారెళ్లు దాటిన ఉత్పత్తి నేను వెళ్లేనాటికి 3 లక్షలకు అటూఇటూగా పడిపోయింది. రేవు దగ్గర పెద్ద పెద్ద చమురు ట్యాంకులు కనిపించాయి గానీ, ఆ సంపద దారి పక్క పల్లెలకు చేరిన జాడ నాకు కనిపించలేదు.

నన్ను లోయలోకి తీసుకెళ్లిన డ్రైవరు పెద్దాయన ఒకప్పుడు జెద్దాలో కట్టడం పనులు చేసేవారు. అప్పట్లో యెమెనీలకు సౌదీలో కఫీల్, అంటే పూచీపడే స్థానికుడు, అవసరం ఉండేది కాదు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అప్పటికి కొద్ది నెలల కిందటే ఉత్తర, దక్షిణాలు ఏకమైన యెమెన్, ఇరాక్‌పై విదేశీ సైనిక చర్యను సమర్థించలేదు. సెప్టెంబరులో సౌదీ ఆ వెసులుబాటు రద్దు చేయడంతో నెలల వ్యవధిలో సుమారు 8 లక్షల మంది, చేతికందిన ధరకు ఆస్తులు అమ్ముకుని, తిరిగి రావలసివచ్చింది. ఆయనా వారిలో ఒకరు. నవంబరు 29న భద్రతామండలిలో యుద్ధానికి అనుమతినిచ్చే 678వ తీర్మానాన్ని యెమెన్, క్యూబా మాత్రమే వ్యతిరేకించాయి. ఆ వెంటనే అమెరికా సాయానికీ భారీగా కోత పడింది. యెమెన్ అనుసరించిన ఆ విధానం తప్పో ఒప్పో చెప్పడం నా పని కాదు, కానీ దాని భారమంతా కూలీల మీద పడడం అన్యాయమని ఇప్పటికీ నమ్ముతాను. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారిని ఎరిగిన ఎవరికైనా ఆ బాధ అర్థమవుతుంది.

మట్టి ఇటుకల మేడలతో నిండిన లోయ పట్టణం షిబాంలో 2008 అక్టోబరు వరదల మరమ్మతులు ఇంకా సాగుతున్నాయి. ఒక మేస్త్రీ మట్టిలో తరిగిన గడ్డి కలిపి, కాళ్లతో తొక్కి, ఎండబెట్టిన ఇటుకలను ఏడంతస్తుల ఇంటి గోడకు అతుకుతున్నాడు. ఆ పనికి డబ్బు పంపుతున్నది సౌదీలో ఉన్న ఇంటి పెద్దకొడుకని చెప్పారు. పూర్వం జావా, హైదరాబాదుల నుంచి వచ్చిన సొమ్మే ఈ లోయలో మేడలు లేపింది. నేను చూసిన రోజున కూడా వాటిని నిలబెడుతున్నది చమురు కాదు, వలసవెళ్లినవారి జీతాలే.

2022 అక్టోబరులో యెమెన్ ప్రభుత్వంతో పోరాడుతున్న హూతీ తిరుగుబాటుదారుల డ్రోన్లు ఆ దబ్బా రేవుపైనే దాడి చేయడంతో ముడిచమురు ఎగుమతి ఆగిపోయింది. ఆ తర్వాత హూతీల ప్రత్యర్థి అయిన ఏడెన్‌లోని ప్రభుత్వం ఉద్యోగుల జీతాలకు సైతం సౌదీ నిధుల కోసం ఎదురుచూడవలసివచ్చింది.